నాలుగు వందల పన్నెండు ఓట్లు

నాలుగు వందల పన్నెండు ఓట్లు! నోటీసు బోర్డు మీద ఆ అంకె చూసిన దగ్గర్నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

కార్మికులు తమలో ఒకరిని ఎన్నుకుని కంపెనీ బోర్డులోకి పంపుకోవచ్చని కొత్తగా రూలు వచ్చింది. వాళ్ళు బాయిలర్ మేస్త్రీని ఎన్నుకున్నారు. ఇంకెవరి పేరూ అనుకోనైనా లేదట.

అతనూ, మేస్త్రీ ఒకేరోజు ఫ్యాక్టరీలో అడుగుపెట్టారు. ఒకే బాయిలర్‌కి బొగ్గు వేశారు. ఇద్దరి ముంజేతుల మీదా అప్పటి కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు మేస్త్రీ కనబడితే జనం చుట్టూ మూగుతారు. అతను కనబడితే మాటలు ఆపేసి ఎవరి మెషీను దగ్గరికి వాళ్ళు జారుకుంటారు.

“ఏం చూసి అంత ఎగబడి వేశారంటావ్?” అన్నాడు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“మీరు నిలబడితే మాత్రం ఎవరు వేస్తారండీ?” అంది భార్య. నవ్వుతూనే అంది. అతనికి ఒళ్ళు మండిపోయింది.

ఇవాళ మీటింగు. పాత బాయిలర్ షెడ్డు ఉంచాలా, మూసెయ్యాలా అన్నది తేలిపోవాలి. నలభై మంది బతుకులు దాని మీదే ఉన్నాయి. మూయకూడదనే నిన్నమొన్నటిదాకా అతనూ అనుకున్నాడు. కానీ ఇప్పుడు షెడ్డు నిలబడితే పేరంతా ఎవరికి? మేస్త్రీని భుజాల మీద ఊరేగించరూ!

మెట్ల దగ్గర మేస్త్రీయే ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో ఎవరో కొత్త పెన్ను పెట్టి పంపారు. కింద గేటు దగ్గర చప్పట్లు ఇంకా ఆగలేదు.

“ఆ షెడ్డు సంగతి తెలిసినవాళ్ళం మనిద్దరమే. మీరూ ఓ మాట అనండి, చాలు,” అన్నాడు మేస్త్రీ.

కుర్రతనంలో ఒరే అని పిలిచేవాడు. ఎప్పుడో మీరులోకి మారిపోయాడు. అదీ అతనికి గిట్టలేదు.

“చూద్దాంలే,” అన్నాడు ముభావంగా.

లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు ఉన్నాయి. ఎక్కడ కూర్చోవాలో తెలియక మేస్త్రీ గోడవారగా నిలబడిపోయాడు. ఆ తడబాటు చూశాక అతనికి రెండు రోజుల తర్వాత కాస్త ప్రాణం లేచివచ్చింది.

ఏ ఒక్కరి ఓటూ అడగకుండానే పని నేర్చుకోమని అప్పట్లో తనను బాయిలర్ దగ్గరికి పంపిన తండ్రి నుంచి దక్కిన చైర్మన్ కుర్చీలో తాపీగా కూర్చుని, “షెడ్డు మూసేస్తున్నాం,” అన్నాడు అతను.