కింది వాటా జగడం

బెల్లు ఆగకుండా మోగింది.

అక్క పరుగున వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో కింది వాటాలో అద్దెకుండే ఆయన. మాసిన గడ్డం, ముడిపడ్డ కనుబొమలు.

"మీ బట్టల నీళ్ళన్నీ మా బాల్కనీలో కారుతున్నాయి. కింద మేం మనుషులమా, గోడలమా?"

"మెల్లగా మాట్లాడండి. ఎదిగొస్తున్న పిల్లాడు పోయి నెల కూడా కాలేదు ఈ ఇంట్లో."

"నెల కాలేదని నీళ్ళు కిందికి కారడం మానేస్తాయా?"

 ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అనుకుంది అక్క.

లోపలి గదిలో అలికిడైంది. కొడుకు పోయినప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకునే ఉన్న చెల్లెలు జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది.

"బట్టలన్నాక నీళ్ళు కారక తేనె కారుతుందా? మీ బాల్కనీ ఏమన్నా అద్దాల మేడా?"

"అద్దాల మేడో, పశువుల పాకో, నా బాల్కనీ నాది!"

"అయితే నెత్తిన పెట్టుకుని ఊరేగండి!"

ఆయన విసురుగా మెట్లు దిగిపోయాడు. చెల్లెలు ఆయాసపడుతూ బల్ల దగ్గర కూలబడింది.

"అరిచి అరిచి గొంతెండిపోయింది. ఏమన్నా పెట్టక్కా."

పెట్టిందంతా తింది. ఇన్నాళ్ళకు తన చేతివంట పనిచేసిందని అక్క మురిసిపోయింది.

చెల్లెలి కోసం ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన మనిషి ఆమె. వచ్చిన రోజే పిల్లాడి ఫొటోలు, బూట్లు, బంతి అన్నీ అటక ఎక్కించేసింది. చూసిపోవడానికి వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే చెప్పేది, "వాడి మాటెత్తకండి, తట్టుకోలేదు" అని. వాళ్ళూ బుద్ధిగా ఎండల గురించీ ధరల గురించీ మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. "ఏడిస్తే పోయినవాడు తిరిగొస్తాడా? గుండె రాయి చేసుకో" అని అక్క వీపు నిమిరేది. ఎలాగైనా చెల్లెల్ని దక్కించుకోవాలన్నదే ఆమె తాపత్రయం. అందులో అబద్ధమేమీ లేదు.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. కుర్చీలు లాగుతున్నారట. ఆ మర్నాడు మిక్సీ మోతట. ఆ పూట మిక్సీ వేయనే లేదు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి రోజూ ఏదో ఒక తగువు. చెల్లెలు ఆ వేళకు స్నానం చేసి, తల దువ్వుకుని సిద్ధంగా ఉండేది.

ఒకరోజు మాటా మాటా పెరిగింది.

"మీవాడు ఉన్నన్నాళ్ళూ నడింట్లో దబదబా బంతి బాదాడు. ఇప్పుడు మీరు తయారయ్యారు!"

అక్క తలుపు వేయబోతే చెల్లెలు ఆమెను పక్కకు తోసింది.

"వాడి బంతి జోలికి రాకండి! వాడు ఆడుకుంది మా ఇంట్లో, మీ నెత్తి మీద కాదు!"

"మీ నేలే మా కప్పమ్మా! మధ్యాహ్నం ఒక్క కునుకు తీస్తే ఒట్టు. పైగా మెట్ల మీద కనబడితే నవ్వేవాడు, వెధవ!"

"నవ్వుతాడు. వాడంతే. తప్పు చేసినప్పుడల్లా నవ్వుతాడు..."

చెల్లెలు గుమ్మంలోనే కూలబడి భోరుమంది. కొడుకు పోయాక ఆమె కంట నీళ్ళు రావడం అదే మొదలు.

ఆయన ఏదో అనబోయాడు. అక్క ఆయన మొహం మీదే తలుపు వేసేసింది.

చెల్లెలు ఏడ్చి ఏడ్చి నిద్రపోగానే అక్క విసవిసా కిందికి దిగి ఆయన తలుపు బాదింది. తెరుచుకున్న తలుపులోంచి ఎదురుగా బాల్కనీ కనబడింది. చుక్క తడి లేదు. ఏనాటిదో దుమ్ము పేరుకుపోయి ఉంది. అన్నీ దొంగ ఏడుపులే అనుకుంది అక్క.

"నువ్వు మనిషివేనా? పుండు మీద కారం చల్లుతావా? కడుపుకోత అంటే నీకేం తెలుసు? నీకూ ఒక బిడ్డ ఉండుంటే తెలిసేది! ఇంకోసారి మా గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

రోజూ ఒంటికాలి మీద లేచే మనిషి ఒక్క మాట అనలేదు. తల వంచుకుని మెల్లగా తలుపు మూసుకున్నాడు. అంతటివాడి నోరు మూయించానని అక్క గర్వంగా మెట్లెక్కింది.

మర్నాడు బెల్లు మోగలేదు.

తల దువ్వుకుని కూర్చున్న చెల్లెలు గుమ్మం వైపే చూస్తోంది.

"ఆయన ఇంకా రాలేదేంటక్కా?"

"ఇక రాడులే, పీడా విరగడైంది. బాగా గడ్డి పెట్టొచ్చాను."

చెల్లెలి మొహంలో కోపం కూడా కనబడలేదు.

"నా దగ్గర వాడి మాటెత్తింది ఆయనొక్కడే కదక్కా" అంది. లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

మళ్ళీ ముద్ద ముట్టలేదు. అక్క బతిమాలింది, తిట్టింది, ఒట్లు పెట్టింది. చివరికి అటక మీది బంతి దించి పక్కన పెట్టింది. చెల్లెలు ఇటు తిరగలేదు. డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించి, "ఇలాగే ఉంటే మనిషి దక్కడం కష్టం" అని చెప్పి వెళ్ళాడు.

అక్క పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తింది. కాళ్ళు పట్టుకునైనా సరే, ఒక్కసారి వచ్చి నాలుగు తిట్టి పొమ్మందామని.

కింది వాటా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క సామాను లేదు. పక్క వీధిలో ఉండే ఇంటి ఓనరు దగ్గరుండి గోడలకు రంగు వేయిస్తున్నాడు.

"ఇక్కడుండే ఆయనేరండీ?"

"ఖాళీ చేసేశాడమ్మా. ఎక్కడికో తెలీదు."

"ఎలాగైనా కనుక్కోండి, మీకు పుణ్యముంటుంది. రోజూ మా ఇంటికొచ్చి దెబ్బలాడేవాడు, ఆయన కావాలి."

ఓనరు వింతగా చూశాడు.

"ఆయన దెబ్బలాడటమేంటమ్మా? ఉన్న ఒక్క కూతురూ పోయిన దగ్గర్నుంచి, ఇన్నేళ్ళలో, ఆ మనిషి ఎవరితోనూ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడింది లేదు."