పన్నెండో శనివారం

"మార్కులు వెయ్యండి," అంటూ డాక్టర్ ఆదినారాయణ బల్లకు అటొకటి, ఇటొకటి కాగితం పెట్టాడు. "ఒకరిది ఒకరు చూడకూడదు. దాంపత్యంలో సంతృప్తి, పదికి ఎంత?"

జయచంద్ర రెండు వేశాడు. అతని భార్య గౌరి ఇంకా పిసినారి. ఒకటి వేసింది.

ఆదినారాయణ పాత కాగితాలు తీసి పక్కన పెట్టి చూశాడు. పదకొండు వారాల కిందట, మొదటి రోజునా ఇవే అంకెలు.

హిందూపురం కాలేజీలో ఆయన పద్దెనిమిదేళ్లుగా కౌన్సెలర్లను తయారుచేస్తున్నాడు. ఎదుటివారి మాట ఓపికగా వినడం గురించి పుస్తకం రాశాడు. తరగతిలో ఎవరైనా నోరు తెరిస్తే, "పుస్తకంలో ఉంది, చూడు" అంటాడు. సోమవారం ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ. పన్నెండు వారాల్లో దంపతులను కలిపే తన పద్ధతి ఫలించిందని అక్కడ చూపించాలి. పరిశోధనలో చేరిన తొమ్మిది జంటల్లో ఎనిమిది మూడో వారానికే మొహం చాటేశాయి. మిగిలింది ధర్మవరం నుంచి వచ్చే ఈ ఒక్క జంట.

రావడంలో మాత్రం వీళ్లకు వంక పెట్టలేం. పెనుకొండలో ఆయన అడిగి పుచ్చుకున్న బడి గదికి మధ్యాహ్నం రెండుకు రమ్మంటే, పొద్దున రైలుకే దిగేవాళ్లు. ఒకసారి వానకు ఆయనే రాలేకపోయాడు. వాళ్లు వచ్చి, తాళం వేసిన గది చూసి, సాయంత్రం రైలుకు వెళ్లారట. 'చికిత్స పట్ల నిబద్ధత' అని రాసుకున్నాడు.

"ఈ వారం గొడవ దేనికి?"

"దువ్వెన సార్," అంది గౌరి. "నా దువ్వెన ఈయప్ప తీసుకున్నాడు."

"పోయిన వారం ఊరగాయ అన్నారు?"

"అది పోయిన వారం కదా సార్," అన్నాడు జయచంద్ర.

"దువ్వెన అంటే ఉత్త దువ్వెన కాదమ్మా. ఇంట్లో అధికారానికి గుర్తు."

"లేదు సార్. ప్లాస్టిక్‌ది."

ఆదినారాయణ కళ్లు మూసుకున్నాడు. మొదట్లో ఒకసారి వాళ్ల ఇల్లు చూసి వచ్చాడు. మూడు గదులు, నాలుగు మగ్గాలు, పదకొండు మంది. పడకలు మగ్గాల సందుల్లోనే. 'కుటుంబ మద్దతు అపారం' అని అక్కడే నిలబడి రాసుకున్నాడు. జయచంద్ర తల్లి రంగనాయకమ్మ ఆయన చేతులు పట్టుకుంది.

"పెండ్లయి ఏడాది కాలేదు సార్. తెల్లారితే పిల్లీ ఎలికా. నువ్వే దోవకు తేవల్ల."

"పన్నెండు శనివారాలు ఇద్దరూ రావాలమ్మా. అది నియమం."

"మగ్గం నిల్సిపోయినా పంపిస్తా సార్."

ఆమె మాట తప్పలేదు. తప్పింది తన పద్ధతే.

ఆదినారాయణ తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. పాఠం చెప్పే గొంతు పోయి ఊరి మాట వచ్చేసింది.

"జయచంద్రా, ఈపొద్దే ఆఖరు. నా కోసరం ఒక ఎనిమిది వెయ్యప్పా. నువ్వు ఏడన్నా వెయ్యమ్మా."

"ఈపొద్దే ఆఖరా?" గౌరి మొగుడి వైపు చూసింది. అతని మొహం మాడిపోయింది.

"మాకు నయం కాలేదు కదా సార్. ఇంకో పన్నెండు వారాలు రాయండి. జబ్బు ముదిరిందని మాయమ్మకు మీరే ఫోన్ చేసి చెప్పండి."

"మీ జబ్బు సంగతి దేవుడెరుగు. సోమవారం నా గతేమి? పద్దెనిమిదేండ్ల సర్వీసు దువ్వెన పాలాయ కదప్పా!"

కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్న ఆయన్ని చూసి గౌరి మెత్తబడింది. కాగితం లాక్కుని ఒకటి కొట్టేసి పది వేసింది. భార్య వేసింది చూసి జయచంద్ర కూడా పది వేశాడు.

"మా అత్తకు మాత్రం చూపియ్యద్దు సార్."

"జాలిపడి వేసిన మార్కు శాస్త్రం కాదమ్మా," అన్నాడు ఆదినారాయణ, కాగితాలు గబగబా సంచిలో పెట్టుకుంటూ.

"జాలి కాదు సార్. అదే నిజం."

సంచి మూస్తున్న చెయ్యి ఆగిపోయింది. "నిజమా? మరి పన్నెండు వారాలు దేనికి కొట్లాడినారు?"

గౌరి తల వంచుకునే చెప్పింది.

"కొట్లాడకుంటే మా ఇద్దర్నే బయటికి ఎవరు పంపిస్తారు సార్?"