గేదె మెడ, మూల రాట

గేదె రోజూ కుడితి తాగాక పాక మూలనున్న రాటకి మెడ రుద్దుకునేది. చూరులో గూడు కట్టుకున్న గోరింక ఒకరోజు, "అత్తా, రాట కదులుతోంది. నా పిల్లలకింకా రెక్కలు రాలేదు," అంది.

"నాలుగుసార్లు రుద్దితే రాట పడిపోతుందా?" అంది గేదె, తాపీగా నెమరేస్తూ.

గోరింక పిల్లలు ఎగిరిపోయిన వారానికి, ఎండుటాకుని కూడా దొర్లించలేని గాలికి, పాక ఒరిగి కూలిపోయింది.

"పాడు గాలి," అంది గేదె, గడ్డి దులుపుకుని బయటికొస్తూ.

రైతు కొత్త రాట పాతి పాక మళ్లీ నిలబెట్టాడు. గోరింక గడ్డిపరక కరుచుకుని చూరు దాకా వచ్చింది. కింద గేదె కుడితి తాగి, కొత్త రాటకి మెడ ఆనించి, మెల్లిగా ఒక్కసారి రుద్దింది.

గోరింక ఆ పరకతోనే పక్కింటి వైపు ఎగిరిపోయింది.