ఇక్కడ ఇళ్ళుండాలి

"మిస్, మన బొమ్మ మీద ఎవరో గీసేస్తున్నారు!"

డ్రాయింగ్ టీచర్ గబుక్కున లేచింది.

కాసేపట్లో స్కూలు కమిటీ వస్తోంది. బొమ్మలతో పాఠం చెప్పొచ్చని ఇవాళ నిరూపించకపోతే డ్రాయింగ్ పీరియడ్ ఎత్తేస్తారు. దాంతోపాటే ఆమె ఉద్యోగమూ పోతుంది. అందుకే భూమి వేడెక్కే పాఠాన్ని పిల్లల చేత గోడంత గుడ్డ మీద వేయించింది. పైన కరుగుతున్న హిమానీనదం, కింద బూడిదరంగు బోసి లోయ. పత్రికలో వచ్చిన ఫొటో చూసి ఉన్నదున్నట్టు దించారు.

హాల్లోకి పరుగెత్తింది.

వెలిసిపోయిన కోటులో ఒక పెద్దావిడ. పిల్లల కుంచె పట్టుకుని, లోయలో బుల్లి బుల్లి ఇళ్ళు వేస్తోంది. తాపీగా, సొంత గోడకు సున్నం వేసుకుంటున్నట్టు.

"ఏమండీ! ఏమిటిది?"

"ఇక్కడ ఇళ్ళుండాలమ్మా."

"ఫొటోలో లేవుగా!"

"ఫొటోలో ఎక్కడుంటాయిలే."

ఏ పిల్లాడి అమ్మమ్మో అనుకుంది టీచర్. మనవల బొమ్మలకు మెరుగులు దిద్దే అమ్మమ్మలతో వేగడం ఆమెకు కొత్తేం కాదు.

"మీదే ఊరు?"

పెద్దావిడ కుంచెతో లోయను తాకింది. "ఇదే."

"ఈ ఊరే కదా, హాయిగా ఇంటికెళ్ళండి. నా పీకల మీదికి తేకండి!"

తడిగుడ్డ అందుకుని ఇళ్ళన్నీ తుడిచేసింది.

పెద్దావిడ ముఖం పాలిపోయింది.

"మళ్ళీ తుడిచిపెట్టుకుపోయాయి" అని గొణిగి, కుంచె కింద పెట్టి వెళ్ళిపోయింది.

టీచర్ ఊపిరి పీల్చుకునేలోగా కమిటీ వచ్చేసింది. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని బొమ్మను చాలాసేపు చూశాడు.

"బాగుంది. కానీ మంచు కరిగితే మనుషులకేమవుతుంది? అది ఇందులో ఏదమ్మా?"

పిల్లలు టీచర్ వంక చూశారు. ఆమె బోసి లోయ వంక చూసింది.

"అందంగా ఉంటే పాఠమైపోదు" అంటూ ఆయన పెన్ను తీశాడు.

అప్పుడే హెడ్మిస్ట్రెస్ హడావిడిగా వచ్చింది.

"అది చెప్పడానికే ఒకావిడను పిలిపించానండీ. నేరుగా ఇక్కడికే పంపాను. కోటు వేసుకున్న పెద్దావిడ... ఏరీ?"

టీచర్ గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

వెనకే వచ్చిన హెడ్మిస్ట్రెస్ చెయ్యి టీచర్ పట్టుకుంది.

"ఎవరు మేడమ్ ఆవిడ?"

"మీరు చూసి వేయించిన ఫొటో, పైన మంచు కరిగి నిండిన సరస్సు గట్టు తెగి, లోయ కొట్టుకుపోయిన మర్నాడు తీసింది. ఆ లోయలో ఉన్న ఊరంతటికీ మిగిలింది ఆవిడొక్కరే."