మార్కండేయులు డీజిల్

మిట్టమధ్యాహ్నం గుంటూరు కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయింది. లోపల రైతుల మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, నలభై వేలున్నాయి. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"డీజిల్లో నీళ్లు కలిశాయా, మార్కండేయులూ?" అన్నాడు యజమాని దుర్గాప్రసాద్.

మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు శాంపిళ్లు తీసి, ఇక్కడ ఆపరేటరుగా చేరిన మార్కండేయులు ముఖం కందిపోయింది.

"నా డీజిల్లో నీళ్లా? రోజూ ట్యాంకు అడుగునుంచి సీసాడు తీసి, ఎండకెత్తి చూస్తున్నానండీ! రండి, చూపిస్తా."

పక్కగది తలుపు తీశాడు. నేల నుంచి కప్పు దాకా సీసాలే. ఒక్కోదానికీ తేదీ చీటీ, 2001 ఉగాది నుంచి ఇవాళ పొద్దుటి దాకా. అన్నీ తేనెలా మెరుస్తున్నాయి.

దుర్గాప్రసాద్ పరుగెత్తి ట్యాంకులో కర్ర పెట్టి చూశాడు. పొడిగా పైకొచ్చింది.

"చూసిన డీజిల్ మళ్లీ ట్యాంకులో పొయ్యవా?"

"శాంపిల్ తీసిన కాయలు మళ్లీ టిక్కీలో పోస్తారా అండీ, ఎక్కడన్నా?"

దుర్గాప్రసాద్ రెండు సీసాలు లాక్కొచ్చి ట్యాంకు మీదికి వంగాడు. మార్కండేయులు అడ్డం పడ్డాడు.

"ఆగండి బాబూ! మీకు చెమటలు కారుతున్నాయి. డీజిల్లో నీళ్లు పడతాయి!"