వెయ్యిలో నలుగురు

"నా సెట్టింగు పీకేసింది మీలో ఎవరయ్యా?"

సిన్‌జూ నగరంలోని కీబోర్డుల కంపెనీ రిసెప్షన్‌లో ఓ ముసలాయన అరుస్తున్నాడు. చేతిలో పచ్చరంగు చిప్స్ పొట్లం. రెండు చేతులూ వణుకుతున్నాయి.

పీకేసింది యూజెన్. కీబోర్డును నడిపే సాఫ్ట్‌వేర్ రాసేది ఆమే. అయినా నోరు విప్పలేదు. పీకెయ్యమన్న మేనేజర్ లియావ్ పక్కనే ఉన్నాడు మరి.

"ఏ సెట్టింగు, పెద్దాయనా?" అన్నాడు లియావ్.

"వేలు వణికి ఒకే అక్షరం నాలుగుసార్లు నొక్కినా ఒక్కసారే పడేట్టు చేసేది. అది లేకపోతే నేను ఒక్క మాట కూడా రాయలేను."

"వెయ్యిలో నలుగురు కూడా వాడట్లేదు దాన్ని. అన్నేసి సెట్టింగులుంటే జనం తికమకపడుతున్నారు."

"ఆ నలుగురూ మనుషులు కారా? పోనీ పాత సాఫ్ట్‌వేరే వేసుకుందామంటే, తెల్లారేసరికి మీ కొత్తదే వచ్చి కూర్చుంటోంది. నా కంప్యూటర్ మీద మీ పెత్తనమేంటి?"

"అయితే ఇంకో కంపెనీది కొనుక్కోండి."

ముసలాయన పొట్లాన్ని బల్ల మీద విసురుగా పెట్టాడు.

"మీ మెషిన్ మీద పెట్టుకోండి. మీకు లేని బుద్ధి దానికైనా వస్తుంది!"

మెషిన్లు మొండికేయకుండా వాటి మీద పచ్చ పొట్లం పెట్టడం అక్కడ ప్రతి ఆఫీసులోనూ ఉన్న నమ్మకమే. దాన్ని ఎవరూ తినరు. లియావ్ మాత్రం చించుకుని తిన్నాడు. యూజెన్‌కు ఒళ్ళు మండింది. ఉద్యోగం గుర్తొచ్చి తన సీటుకు వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత లియావ్ కేకలకు ఆఫీసు దద్దరిల్లింది.

"కస్టమర్లు అడిగిన ఏడొందల ప్రశ్నలు వెబ్‌సైట్‌లో అలాగే పడున్నాయి! ఇన్నాళ్ళూ జవాబులు చెప్పిందెవరు?"

"మనవాళ్ళు కాదు సార్," అంది యూజెన్. " 'నత్త' అని పేరు పెట్టుకున్న బయటి మనిషెవరో. తొమ్మిదేళ్ళుగా ఊరికే చెబుతున్నాడు. ఉన్నట్టుండి మానేశాడు."

"వెతుకు! కాళ్ళు పట్టుకునైనా పిలువు!"

యూజెన్ వెతికింది. నత్త చివరి జాబు చెత్తబుట్టలో దొరికింది. పిచ్చిరాత అనుకుని వెబ్‌సైటే దాన్ని పారేసింది.

యూజెన్ అది చదివింది. స్క్రీన్‌ను లియావ్ ముఖం మీదికి తిప్పింది.

"చదవండి సార్! ఒక్క అక్షరం వదలకుండా, అందరూ వినేలా చదవండి!"

"మిమిమిత్రులారా, ఇఇఇక జవాబులు రారారాయలేను, క్షక్షక్షమించండి. కంకంకంపెనీకి వెళ్ళి అడిగాను, పపపపచ్చ పొట్లం కూడా ఇచ్చొచ్చాను, వివివినలేదు."