ఏడో నంబరు బిళ్ళ

సముద్రం వెంబడి సాగే కొండదారి మొదట్లో ఒక గేటు, పక్కనే కాపలాదారు గది. నడకకు వెళ్ళేవాళ్ళు గోడ మేకులకున్న పన్నెండు నంబరు బిళ్ళల్లో తలా ఒకటి తీసుకెళ్ళి, తిరిగొచ్చాక అదే మేకుకు తగిలించాలి. అన్ని బిళ్ళలూ చేరితేనే గేటుకు తాళం.

ఏడో మేకు ఏడాదిగా ఖాళీ. ఆ బిళ్ళ తీసుకెళ్ళిన కాపలాదారు తమ్ముడు తిరిగి రాలేదు. అప్పటినుంచి గేటుకు తాళం పడలేదు. మొదట్లో అది ఆశ. తర్వాత ఆశా లేదు, ఏడుపూ లేదు, ఊరికే అలవాటు.

ఆ రాత్రి కాపలాదారు దీపం ఆర్పబోతూ బిళ్ళలు లెక్కపెట్టాడు. పన్నెండు. ఏడో బిళ్ళ నుంచి చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. వేలితో తాకి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పగా ఉంది.

గుండె ఝల్లుమంటుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఝల్లుమనలేదు. బిళ్ళలన్నీ చేరాయి కదా అని వెళ్ళి తాళం వేశాడు. అలల చప్పుడు ఆగిపోయింది.

జేబులో ఫోను మోగింది. భార్య.

"తాళం వేశారా?"

ఏడాదిగా ఆమె ఆ మాట అడగలేదు.

"వేశాను."

"అయితే త్వరగా రండి. మీ తమ్ముడు నిలువునా తడిసి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, అన్నయ్యని రానీ వదినా అంటున్నాడు."

అతను చేతిలోని తాళంచెవి వంక చూశాడు.

"వాడికి తువ్వాలివ్వు. వస్తున్నా," అన్నాడు.